సైదాపేటలో మా ఇళ్ళకి నంబర్లు వేశారు, ఏం చేయాలో చెప్పండి

అందరికీ నమస్కారం. చెన్నై సైదాపేటలో అడయారు నది ఒడ్డున ఉంటాం. మా లైనులో సగం మందిమి తెలుగువాళ్ళమే. అమ్మ రోడ్లు ఊడ్చే పనికి వెళ్తుంది. పోయిన వారం కొందరు వచ్చి తలుపుల మీద ఎర్ర పెయింటుతో నంబర్లు రాసి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. మమ్మల్ని ఖాళీ చేయించడానికే ఈ సర్వే అని మా భయం. మాది 47. పక్కింటి పెద్దమ్మ ఆసుపత్రిలో ఉంది, ఇంటికి తాళం. ఆ తలుపుకి నంబరే పడలేదు. కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

2015 డిసెంబరు వరద నీళ్ళు నిలిచిన గీత మా గోడ మీద ఇంకా ఉంది, నా భుజం ఎత్తున. ఇక్కడ ప్రమాదం లేదని నేను అనను. కానీ ఆ వరద తర్వాత ఖాళీ చేయించి ఊరి చివర పెరుంబాక్కం కాలనీకి పంపినవాళ్ళని చూశాం. అది 2022లో రాంసర్ జాబితాకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన పళ్ళికరణై చిత్తడి నేల పక్కన, అక్కడా వానొస్తే నీళ్ళే. తెల్లారకముందే డ్యూటీ ఎక్కే అమ్మ అంత దూరం నుంచి ఎలా వస్తుంది? అదే నా టెన్షన్.

సమాచార హక్కు కింద సర్వే జాబితా అడగాలనుకుంటున్నా. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, 30 రోజుల్లో జవాబివ్వాలి, అంతవరకు తెలుసు. మాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అర్జీ ఎవరైనా రాసిపెడతారా? పెద్దమ్మ పేరు చేర్పించాలంటే ఎవరిని కలవాలి? ఆడవాళ్ళకి, ఎస్సీలకి ఉచిత న్యాయ సహాయం ఉంది కదా, మీలో ఎవరైనా అలా వెళ్ళి స్టే తెచ్చుకున్నారా? రేషన్ కార్డు, కరెంటు బిల్లు కాకుండా ఇంకేం దాచుకోవాలి?

ఆదివారం సాయంత్రం లైనులో అందరం కూర్చుంటున్నాం. ఆలోపు చెప్తే వాళ్ళకి చదివి వినిపిస్తాను.