లాక్‌డౌన్‌లో చేసిన గూగుల్ ఫామ్ సర్వేని "తెలుగు ప్రజల మానసిక ఆరోగ్యం" అని రాయొచ్చా?

పీహెచ్‌డీ_పాట్లు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. 2020 ఏప్రిల్‌లో నేను సైకాలజీ పీజీలో ఉన్నాను. కాలేజీ మూసేశారు, డిసర్టేషన్ కోసం ఆసుపత్రికి వెళ్లే దారి లేదు, దాంతో అందరూ చేసిందే నేనూ చేశాను. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నలు), జీఏడీ-7 (ఆందోళనకి ఏడు ప్రశ్నలు) గూగుల్ ఫామ్‌లో పెట్టి వాట్సాప్‌లో వదిలాను. క్లాస్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, కజిన్స్ గ్రూపు, మా పెదనాన్న గారి మార్నింగ్ వాకర్స్ గ్రూపు (అప్పుడు వాకింగే లేదు, గ్రూపు మాత్రం యమా జోరుగా నడిచేది). పది రోజుల్లో ఆరు వందల చిల్లర వచ్చాయి. సగానికి దగ్గరగా కటాఫ్ (సమస్య ఉండొచ్చు అనిపించే స్కోరు) దాటారు. అప్పట్లో చాలా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడ్ గారు ఆ డేటా బయటికి తీసి పేపర్ వేద్దామంటున్నారు, "కోవిడ్ కాలంలో తెలుగు ప్రజల మానసిక ఆరోగ్యం" అని టైటిల్ కూడా ఆయనే ఇచ్చారు. ఇన్నేళ్ల తర్వాత ఎక్సెల్ తెరిచి చూస్తే నాకే సిగ్గేసింది. దాదాపు అందరూ డిగ్రీ పైన చదివినవాళ్లు, ముప్పై లోపు వాళ్లే ఎక్కువ, హైదరాబాద్, విజయవాడ, కొందరు బెంగళూరు, ఇద్దరు డాలస్. వృత్తి దగ్గర "కూలీ" అని ఒక ఆప్షన్ పెట్టాను, దాని ఎదురుగా సున్నా.

ఇంకోటి కూడా ఉంది. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న తెలుసుగా, చనిపోతే బాగుండు అనిపించిందా అనేది. అక్కడ కొందరు "దాదాపు రోజూ" అని పెట్టారు. పేరు, ఫోన్ నంబరు అడగబోమని ముందే మాటిచ్చాం కాబట్టి వాళ్లెవరో తెలీదు. ఆ వరసలు నేను చూసింది కూడా జూన్‌లో, రిపోర్ట్ రాయడానికి కూర్చున్నప్పుడు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈ డేటాతో ఏమైనా చేయొచ్చా, పారేయాలా?

లెక్కల_పంతులు:

టైటిల్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ టైటిల్ పెట్టకూడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత కోసం 2019లో మన రెండు రాష్ట్రాల్లో తిరిగారు. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడో ఒకసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఆంధ్రలో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అంటే మీ లింకు గాల్లోకి వదిలేటప్పటికే నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు లెక్కలో లేరు. ఆరు వందలు కాదు, అరవై వేలు వచ్చినా ఇదే కథ. పెళ్లిలో బంతిలో కూర్చున్నవాళ్లని అడిగి ఊళ్లో ఆకలి ఎంతుందో తేల్చినట్టు ఉంటుంది. వెయిట్లు వేసి, అంటే తక్కువగా ఉన్నవాళ్ల జవాబులకి ఎక్కువ బరువిచ్చి, సరిచేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు చూడండి, మీ దగ్గర కూలీలు సున్నా, సున్నాని ఎంతతో హెచ్చవేస్తారు? ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో నాలుగో వంతు పైన రోజుకూలీలే. మీ ఫామ్‌లో ఎవరు లేరో చూసుకోండి.

రెండో సమస్య మీ తప్పు కాదు. కోవిడ్ వల్ల "పెరిగింది" అనాలంటే అంతకు ముందు ఎంతుందో తెలియాలి. 2015–16లో నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు, 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన మంచి సర్వే, దక్షిణాదిలో కేరళ, తమిళనాడు ఉన్నాయి, మన రెండూ లేవు. కాబట్టి పోల్చుకోడానికి మనకంటూ పాత అంకె లేదు.

ఇది మన గోలే కాదు. 2021 అక్టోబర్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పెద్ద పేపర్ వచ్చింది, 2020లో ప్రపంచమంతా కలిపి డిప్రెషన్ 27.6 శాతం, యాంగ్జైటీ 25.6 శాతం పెరిగాయని. అందరూ కోట్ చేస్తారు. దాని కింద ఉన్నవి 48 డేటా సోర్సులు, ఎక్కువ భాగం పశ్చిమ యూరప్, అమెరికా వైపువి, దక్షిణాసియా నుంచి ఒక్కటీ లేదు. ఇండియా అంకె ఎలా వచ్చిందంటే, జనం తిరగడం ఎంత తగ్గింది, కేసులు ఎంత పెరిగాయి అన్నది చూసి మోడల్‌తో కట్టారు. అంటే అడగకుండానే మన మనసు సంగతి రాసేశారన్నమాట. నేనూ ఆ అంకెని క్లాసులో వాడాను, ఒప్పుకుంటున్నా.

డ్యూటీ_డాక్టర్:

పంతులు గారి లెక్కలు కరెక్టే గానీ, ఆ ఏప్రిల్‌లో ఫోన్ తప్ప చేతిలో ఏముందండీ? మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వాళ్లే వాట్సాప్‌లో లింకు పంపి చేశారు. 1,685 మంది, ఆందోళన 38.2 శాతం, డిప్రెషన్ 10.5 శాతం అని తేల్చారు. ఆన్‌లైన్ సర్వే అని టైటిల్లోనే రాసుకున్నారు, అది పద్ధతి. మీరూ అలా రాయండి, చాలు. పారేయక్కర్లేదు.

నా అభ్యంతరం వేరే. కటాఫ్ దాటితే జబ్బు కాదు. పీహెచ్‌క్యూలో 10 గానీ అంతకు పైన గానీ వస్తే "ఈ మనిషితో ఒకసారి కూర్చుని మాట్లాడాలి" అని మాత్రమే అర్థం. అది గత రెండు వారాల సంగతి అడుగుతుంది. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు, ఏప్రిల్‌లో నిద్ర పట్టట్లేదు, దేని మీదా ధ్యాస కుదరట్లేదు అంటే సగం మంది మామూలు మనుషులే. జీతం వస్తుందో రాదో తెలియని మనిషికి ఆందోళన లేకపోతే అప్పుడు నేను భయపడతాను. పేపర్లో "సగం మందికి డిప్రెషన్" అని మాత్రం రాయకండి, మర్నాడు పేపర్ హెడ్డింగ్ అదే అవుతుంది.

మాటల గొడవ కూడా ఉంది. నేను గవర్నమెంట్ ఆసుపత్రి ఓపీలో కూర్చుంటాను, "డిప్రెషన్" అంటూ వచ్చేవాళ్లు చాలా తక్కువ. గుండె దడ, నరాల వీక్‌నెస్, ఒళ్లంతా మంటలు, మనసు మనసులో లేదు, ఇవీ వచ్చే మాటలు. మీ ఫామ్ తెలుగులో ఉందా? ఉంటే ఎవరు తర్జుమా చేశారు?

తొమ్మిదో ప్రశ్న గురించి. మిమ్మల్ని తిట్టాలని లేదు, ఆ వయసులో నాకూ తట్టేది కాదు, మీకు సంతకం పెట్టిన పెద్దలకి తట్టాల్సింది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఏ మాత్రం "అవును" అన్నా ఏం చేయాలో ముందే రాసుకుని ఉండాలి. ఫామ్‌లో అయినా సరే, సున్నా కాకుండా ఏది నొక్కినా వెంటనే వేరే పేజీకి వెళ్లేలా పెట్టొచ్చు, అక్కడ హెల్ప్‌లైన్ నంబరు ఉండాలి. 2020 మార్చి చివర్లోనే నిమ్హాన్స్ హెల్ప్‌లైన్ మొదలైంది. ఇప్పుడైతే 14416, టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టారు, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడ చదువుతున్నవాళ్లకి కూడా చెప్తున్నా.

ఫీల్డ్_అక్క:

అమ్మాయ్, నేను మీలా చదువుకున్నదాన్ని కాదు, సర్వేలు చేసి బతికేదాన్ని. ఫోన్ సర్వే అయితే పేదవాళ్లు దొరుకుతారు అనుకుంటారు అందరూ, అదీ చెప్తాను వినండి.

2021 సెకండ్ వేవ్‌లో ఒక సంస్థ వాళ్లు నంబర్ల లిస్టు ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. రోజుకి నలభై కాల్స్ టార్గెట్. ఎత్తేది మగవాళ్లు, ఫోన్ వాళ్లదే. "మీ ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడాలండీ" అంటే ముందు ఎందుకు అని పది ప్రశ్నలు, తర్వాత స్పీకర్ ఆన్ చేసి ఇస్తారు. స్పీకర్ ఆన్ అయితే మనకి తెలిసిపోతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, వెనక టీవీ, కుక్కర్ విజిల్, అన్నీ వినపడతాయి. అలాంటప్పుడు "గత రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా" అని అడిగితే ఆవిడ ఏం చెప్తుంది? "మాకేం అండీ, బాగానే ఉన్నాం." తొమ్మిదికి తొమ్మిదీ సున్నా. నేను సున్నాలు కొట్టి నెక్స్ట్ కాల్‌కి వెళ్లాలి.

ఒకావిడ అలాగే అన్నింటికీ లేదు, లేదు అని చెప్పి పెట్టేసింది. సాయంత్రం అదే నంబరు నుంచి కాల్, "పొద్దున అడిగావే తల్లీ, ఆ ప్రశ్నలు మళ్లీ అడుగు, ఇప్పుడు నీళ్లకొచ్చాను" అని. బోరింగ్ చప్పుడు వినపడుతోంది. మళ్లీ అడిగాను. ఆకలి తగ్గిందా, లేకపోతే ఎక్కువ తింటున్నారా అనే ప్రశ్న దగ్గర నవ్వింది. "ఎక్కువ తినడానికి ఇంట్లో ఉండాలిగా" అంది. ఆ జవాబుకి నా షీట్‌లో గడి లేదు, అది జబ్బా, బియ్యం లేకపోవడమా? సూపర్‌వైజర్‌ని అడిగితే పొద్దుటి ఫామ్ ఆల్రెడీ సబ్మిట్ అయింది, ఒక నంబరుకి ఒకటే ఎంట్రీ అన్నాడు. కాబట్టి ఆవిడ ఆ లెక్కల్లో ఇప్పటికీ "ఏ సమస్యా లేదు" కిందే ఉంది.

ఇక మిర్చి కోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి నడుచుకుంటూ వెళ్లిపోయినవాళ్లు, 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వెళ్లిన వలస కూలీల మొదటి రైల్లో ఎక్కినవాళ్లు, వాళ్ల నంబర్లు ఏ లిస్టులోనూ నాకు రాలేదు.

కుదిరిన పని కూడా ఒకటి చెప్తా. కోవిడ్‌కి ముందే మా పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి ఇవే పీహెచ్‌క్యూ, జీఏడీ ప్రశ్నలు అడిగించారు, స్మార్ట్ మెంటల్ హెల్త్ అని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ల ప్రాజెక్టు. స్కోరు ఎక్కువొస్తే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు దగ్గరికి పంపడం, వెళ్లారా లేదా అని ఆశా మళ్లీ ఇంటికెళ్లి కనుక్కోవడం. సమస్య ఉన్నట్టు తేలినవాళ్లలో వైద్యం దాకా వెళ్లేవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తక్కువే అంటారేమో, మందులంటే బీపీ, షుగర్‌వి మాత్రమే అనుకునే ఊళ్లో అది చాలా ఎక్కువ. ఆ అమ్మాయిలు తెలిసినవాళ్లు కాబట్టి గుమ్మం బయటికి పిలిచి మాట్లాడగలిగారు. నాకు ఫోన్‌లో ఆ గుమ్మం లేదు.

పీహెచ్‌డీ_పాట్లు:

అక్కా, మీ బోరింగ్ దగ్గర ఆవిడ గురించి నాలుగుసార్లు చదివాను. డాక్టర్ గారూ, తర్జుమా నేనే చేశాను, ఒక రాత్రిలో. "ఫీలింగ్ డౌన్" అన్నదాన్ని "నిరుత్సాహం" అని రాశాను, మా అమ్మమ్మని అడిగుంటే "బెంగ" అని చెప్పేది. టైటిల్ మారుస్తున్నాను, "వాట్సాప్ ద్వారా అందుబాటులో ఉన్న చదువుకున్న యువత" అని వస్తుంది. గైడ్ గారికి నచ్చదు.

నిశ్శబ్ద_పాఠకుడు:

ఇక్కడ ఎప్పుడూ రాయను. 2021 మేలో నేను అలాంటి ఫామ్ ఒకటి నింపాను, మీది కాదు, ఇంకెవరిదో. నాన్నని ఐసీయూలో పెట్టారు, నన్ను లోపలికి రానివ్వట్లేదు, పార్కింగ్‌లో బైక్ మీద కూర్చుని ఫోన్ చూస్తుంటే గ్రూపులో వచ్చింది. అన్నీ నిజమే చెప్పాను, తొమ్మిదోది కూడా. ఆ రోజు నన్ను ఎలా ఉన్నావని అడిగింది ఆ ఫామ్ ఒక్కటే. సబ్మిట్ నొక్కాక ఇంకేదో వస్తుందని కాసేపు చూశాను. "మీ స్పందన నమోదైంది" అని వచ్చింది, కింద "మరో స్పందనని సమర్పించండి" అని లింకు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. నాన్న కూడా.

పీహెచ్‌డీ_పాట్లు:

మీరిద్దరూ బాగున్నందుకు సంతోషం అండీ. పాత ఫామ్ ఇంకా డ్రైవ్‌లో ఉంది, ఇప్పుడే తెరిచి చివరిదాకా నింపి చూశాను. నాదీ అదే పేజీ. స్క్రీన్‌షాట్ తీశాను, మెథడ్స్ సెక్షన్‌లో పెడతాను, తొమ్మిదో ప్రశ్న దగ్గర "దాదాపు రోజూ" అన్నవాళ్లు ఎంతమందో దాని పక్కనే రాస్తాను. సోమవారం గైడ్ గారితో మీటింగ్, ఏమైందో వచ్చి చెప్తా.