పోర్టల్ పేజీలో టీమ్ బ్లాగ్: కొందరికి వస్తోంది, కొందరికి ఖాళీ పెట్టె

మా ఆఫీసు పోర్టల్‌లోని టీమ్ పేజీలో మా బ్లాగ్ కొత్త పోస్టులు కనపడాలి. పోర్టల్, బ్లాగ్ ఒకే డొమైన్ కింద వేర్వేరు సబ్‌డొమైన్లలో ఉన్నాయి. బ్లాగ్ చదవాలంటే లాగిన్ తప్పనిసరి. ఆ లాగిన్ పేజీ మాత్రం పూర్తిగా వేరే డొమైన్‌లో ఉంది.

మొదట ఐఫ్రేమ్ (ఒక పేజీలో మరో పేజీని చూపే పెట్టె) పెట్టాను. బ్లాగ్ సర్వర్ ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్‌లో సేమ్‌ఆరిజిన్ అని పంపేది, అంటే అదే ఆరిజిన్ (ప్రోటోకాల్, పూర్తి డొమైన్ పేరు, పోర్ట్ కలిపి) ఉన్న పేజీలే బ్లాగ్‌ను ఫ్రేమ్‌లో చూపగలవు. సబ్‌డొమైన్ మారితే ఆరిజిన్ మారినట్టే కాబట్టి బ్రౌజర్ ఆపేసింది. ఆ హెడర్ తీయించి, కంటెంట్-సెక్యూరిటీ-పాలసీలోని ఫ్రేమ్-యాన్సెస్టర్స్‌లో (ఏ సైట్లు బ్లాగ్‌ను ఫ్రేమ్‌లో చూపొచ్చో చెప్పే జాబితా) పోర్టల్ చిరునామా చేర్పించాను. ఇప్పుడు బ్లాగ్‌లో ముందే లాగిన్ అయి ఉన్నవాళ్లకు చక్కగా వస్తోంది. మిగతావాళ్లకు ఖాళీ పెట్టె, అందులో కనెక్షన్ నిరాకరించిందన్న మెసేజ్. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ప్రతిసారీ ఇదే. లాగిన్ పేజీ తనను ఫ్రేమ్‌లో తెరవనివ్వదు. క్లిక్‌జాకింగ్ (కనపడని ఫ్రేమ్‌పై మోసంతో క్లిక్ చేయించడం) జరగకుండా అది అవసరమే, కాబట్టి దాన్ని మార్చమని అడగను.

తర్వాత బ్లాగ్ ఆర్ఎస్ఎస్ ఫీడ్‌ను (ప్రోగ్రాములు చదవగలిగే కొత్త పోస్టుల జాబితా) జావాస్క్రిప్ట్‌తో తెచ్చి చూశాను. యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్‌లో (వేరే ఆరిజిన్లలో ఏవి జవాబు చదవొచ్చో చెప్పే హెడర్) నక్షత్రం గుర్తు కాకుండా పోర్టల్ చిరునామాయే ఇచ్చి, క్రెడెన్షియల్స్ (లాగిన్ కుకీల వంటివి) కూడా అనుమతించాం. లాగిన్ లేనివాళ్ల రిక్వెస్ట్ 302తో లాగిన్ పేజీకి మళ్లి, కన్సోల్‌లో సీఓఆర్ఎస్ (వేరే ఆరిజిన్ నుంచి డేటా చదవడంపై బ్రౌజర్ నియమాలు) ఎర్రర్‌తో ఆగిపోతోంది.

ఇక మిగిలింది పోర్టల్ సర్వరే ఒక టోకెన్‌తో (లాగిన్‌కు బదులు పనిచేసే రహస్య కోడ్) ఫీడ్ తెచ్చుకోవడం. కానీ కొన్ని పోస్టులు టీమ్ లీడ్లకే పరిమితం. ఒకే టోకెన్ వాడితే అవి అందరికీ కనిపిస్తాయని టెన్షన్‌గా ఉంది.

చూసేవాళ్ల అనుమతుల ప్రకారమే పోస్టులు వచ్చేలా, మళ్లీ లాగిన్ అడగకుండా, పోర్టల్ సర్వర్ నుంచి ఫీడ్ తేవడం ఎలా?