సంకలో బిడ్డ సామెత ఈ కోడ్‌కి అతుకుతాదా?

పోస్టు, కర్నూలు నుంచి:
అందరికీ నమస్కారం. అడిగేది సామెత గురించే, మధ్యలో కంప్యూటర్ సంగతి వస్తాది, కొంచెం ఓర్చుకోండి. మేం కొంతమందిమి గిట్ (ప్రోగ్రాముల్లో ఎప్పుడేం మార్చినారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) సోర్స్ కోడ్ ముందరేసుకోని చదువుతా, చిన్న చిన్న మార్పులు చేసి ఒకరిది ఒకరం రివ్యూ చేసుకుంటాంటాం. మొన్న ఒక తమ్ముడు లుకప్ ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ (గిట్ తన వస్తువుల్ని టేబుల్‌లో, అంటే గడుల వరసలో, ఎతికే కోడ్ ముక్క) చివర్లో ఉండే నాలుగు లైన్లు పీకేసినాడు. ఎతికే ఫంక్షన్ ఎతకాల గానీ టేబుల్‌ని కదిలిచ్చేదేంది అని వాని వాదన. దానికింద మా సీనియర్ అన్న ఒకే ముక్క రాసినాడు, "సంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా ఎతికినట్లుంది" అని. తమ్మునికి మండింది. ఆ కోడ్ ముందు చూసేదే సంకలో, ఆడ లేకుంటేనే ఊర్లోకి పోతాది, సామెత తప్పు వాడినాడన్నా అంటాడు. ఎవరిది న్యాయం?

జవాబు, కడప నుంచి:
ముందు పాఠం తేల్చండి. మా ఇంట్లో పెద్దోళ్ళు "ఊరంతా" అనరు, "సంతంతా" అంటారు. రెండూ వాడుకలో ఉండేవే. బ్రౌన్ దొర ఉంటే రెండూ రాయించి పక్కపక్కన పెట్టి చూసేవాడు, ఆయన మా కడపలో చేసింది అదేగదా, ఒకే పద్యానికి నాలుగు తాటాకు ప్రతులు తెప్పించడం, ఏది ఏడ తేడా వచ్చిందో పోల్చడం.

జవాబు, అనంతపురం నుంచి:
ఏమప్పా, ఊరా సంతా అనేది తర్వాత, ఆ కోడ్ ఏం చేస్తాదో తెలీకుండా సామెత అతుకుతాదా లేదా అని ఎట్ల చెప్పేది. నాకు తెల్సినంత చెప్తా. గిట్‌లో ప్రతి ఆబ్జెక్ట్‌కీ, అంటే అది దాచే ప్రతి వస్తువుకీ, గుర్తు ఒకటి ఉంటాది, మామూలుగా షా-1 అనే లెక్కతో కట్టేది, 20 బైట్లు, మన కంటికి కనపడేటప్పుడు 40 అక్షరాలు. దాంట్లో మొదటి 4 బైట్లు పట్టుకోని టేబుల్‌లో ఇది ఫలానా గడి అని లెక్క కడతాది, అది దాని సొంత గడి అనుకోండి. ఆడ ఇంకోటి ముందే కూర్చోనుంటే పక్క గడి, అదీ నిండుంటే ఆ పక్కది, చివరిదాకా పోతే మళ్ళా మొదట్నుంచి. ఖాళీ గడి తగిలిందంటే ఇంక లేనట్టే, తిరిగొచ్చేస్తాది. సగం నిండేసరికే టేబుల్‌ని రెట్టింపు చేస్తారు కాబట్టి ఖాళీ గడి బో దూరం ఉండదు. అంటే "ఊరంతా" అనేదే పెద్ద మాట, మామూలుగా అది తిరిగేది పక్కింటిదాకా, మహా అంటే ఆ వీధి.

ఆ తమ్ముడు పీకేసిన లైన్లు ఏవంటే, వస్తువు పక్క గడిలో దొరికిందనుకో, దాన్ని తెచ్చి సొంత గడిలో పెట్టి, అప్పటిదాకా ఆడ కూర్చోనున్నదాన్ని ఇది దొరికిన గడికి పంపిచ్చేవి. ఇవి మొదట్నుంచీ లేవు, గిట్ పుట్టింది 2005లో, ఇవి చేర్చింది 2013లో. ఎందుకు చేర్చినారంటే, వెయ్యి ఫైళ్ళుండే ప్రాజెక్టులో ఒక కమిట్‌కి (ఒకసారి దాచిన మార్పుకి) మారేది రెండో మూడో, మిగతావన్నీ పాతవే, కాబట్టి చరిత్రంతా నడుచుకుంటా పోతాంటే అవే ట్రీలు (ఫోల్డర్ల జాబితాలు) అవే బ్లాబులు (ఫైళ్ళలో ఉండే సరుకు) ప్రతి కమిట్ కాడా మళ్ళా అడగాల్సొస్తాది. ఒకసారి సొంత గడిలో పెట్టేస్తే రెండోసారి మొదటి చూపుకే దొరుకుతాది.

ఇంక సామెత. అది తిట్టేది ఎతకడాన్ని కాదు, చేతికందిన బిడ్డ చేతిలోనే ఉందనే ధ్యాస లేకపోవడాన్ని. ఉన్న కోడ్‌కి ఆ ధ్యాస ఉంది. తమ్ముడు తీసేసింది సరిగ్గా దాన్నే. కాబట్టి అన్న సామెత విసిరింది కోడ్ మీద కాదు, మార్పు మీద, నా లెక్కన న్యాయం అన్న వైపే ఉంది. కానీ తమ్ముని మాటలోనూ పస లేకపోలేదు, చూసినంత మాత్రాన టేబుల్ కదులుతాది కాబట్టి రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) తాళం లేకుండా, అంటే ఒకటి ముగిసేదాకా ఇంకోటి ఆగకుండా, ఒకేసారి లుకప్ పిలిస్తే రచ్చే. ఆ ముక్క అన్న రివ్యూలో రాసుంటే బాగుండేది, సామెత ఒకటి పడేసి పోతే చిన్నోడికి ఏం తెలుస్తాది.

జవాబు, కడప నుంచి:
ఓహో, అయితే అది ఎతకడం గాదబ్బా, ఎతికి పెట్టడం. "నా కళ్ళజోడు ఎతికి పెట్టు నాయనా" అంటే ఊరికే యాడుందో చూసి చెప్పమని గాదుగదా. అదుసరే, సొంత గడిలోంచి లేపి పంపిచ్చినారే, దాని గతేంది? రేపు దాన్ని ఎతికితే ఖాళీ గడి తగిలి లేదనేస్తే?

జవాబు, అనంతపురం నుంచి:
మంచి ప్రశ్న అక్కా, రివ్యూలో మొదట అడగాల్సింది ఇదే. అనదు. దాన్ని జరిపింది ముందుకే, అదీ మధ్యలో ఒక్క ఖాళీ కూడా లేని వరసలో. దాని సొంత గడి కాడ మొదలుపెట్టి ఒక్కొక్కటే దాటుకుంటా పోతే కొత్త చోటికి ఎట్లైనా చేరతాది, కాకుంటే రెండడుగులు ఎక్కువ పడతాయి. పైగా ఆ టేబుల్‌లోంచి మధ్యలో ఒక్కొక్కటే తీసేసే పని ఉండదు, ఉండుంటే అప్పుడు ఖాళీలు పడి మీరన్నట్టే అయ్యేది.

జవాబు, కర్నూలు నుంచి:
అందరికీ థాంక్స్. తమ్మునికి ఇదంతా చూపిచ్చినా, ఆ నాలుగు లైన్లు వెనక్కి పెడతా అన్నాడు, పైన తెలుగులో ఒక కామెంట్ కూడా రాస్తాడంట. కానీ వాడు పక్కన ఇంకోటి పట్టినాడు, లుకప్ బ్లాబ్ అని ఉంది చూడండి, అది ఎతికి, దొరక్కపోతే "లేదు" అనకుండా కొత్త ఆబ్జెక్ట్ ఒకటి తయారుచేసి చేతిలో పెడతాది. దీన్నేమంటాం, బిడ్డ దొరకలేదని ఇంకోణ్ణి కన్నట్టా?

జవాబు, కడప నుంచి:
దానికి సామెత లేదు అబ్బీ, పేరు మార్చమని రివ్యూలో రాయి.

జవాబు, అనంతపురం నుంచి:
పేరు మారిస్తే దాన్ని పిలిచే చోట్లన్నీ మార్చాల. ముందు ఆ నాలుగు లైన్లు ఎనక్కి పెట్టనీండి.