తాళాలు వేసిన ఇళ్లున్న ఊళ్లో దొంగతనాలను అరికట్టడం ఎలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. వలస వెళ్లినవారి ఇళ్లకు తాళాలే ఉంటాయి, మిగిలినవారిలో వృద్ధులే ఎక్కువ. ఈ మధ్య పెరట్లో ఆరబెట్టిన జీడిపిక్కలు, బోరు మోటార్ల రాగి తీగలు పోతున్నాయి. యువకులతో రాత్రి గస్తీ పెట్టుకోవచ్చా?

జవాబు 1: పెట్టుకోవచ్చు, అయితే పోలీసు స్టేషనుకు ముందుగా తెలియజేసి, గస్తీ తిరిగేవారి పేర్లు అక్కడ ఇవ్వండి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పటి నుంచి గ్రామ స్థాయిలో మహిళా పోలీసులు ఉన్నారు. ఏ ఇల్లు ఎన్నాళ్లు మూసి ఉంటుందో వారికి చెప్పి ఉంచడం మేలు.

జవాబు 2: ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒడిశా సరిహద్దు దగ్గరే కాబట్టి కూలీలు, చిరువ్యాపారులు వస్తూపోతూ ఉంటారు. కొత్త ముఖం కనిపించగానే పట్టుకొని కొట్టడం నేరం, అమాయకుడి ప్రాణానికే ముప్పు. అనుమానం కలిగితే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసి, బండి నంబరు రాసుకోండి.

జవాబు 3: చిన్న దొంగతనమని ఊరుకోకండి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మోటారు మీది సీరియల్ నంబరు ఫొటో తీసి ఉంచుకుంటే, సొత్తు దొరికినప్పుడు మీదేనని చూపడం సులువవుతుంది.