గాడిదలకు తాటికమ్మల కొట్టం వేద్దామని ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ రైతు:
మాకు నాలుగు గాడిదలు, ఇటుక బట్టీ పనికి పోతాయి. నిరుడు రేకుల షెడ్డు వేశా. ఎండాకాలంలో లోపల కాలు పెట్టలేదు, పొద్దంతా వేపచెట్టు కిందే. మేలో గాలిదుమారానికి రెండు రేకులు లేచి పక్క చేలో పడ్డాయి. ఈసారి తాత వేసినట్టు కడీలు (నిలువు స్తంభాలు) పాతి తాటికమ్మలతో వేద్దామనుకుంటున్నా. ఎంత జాగా కావాలి, కింద ఏం పోయాలి? గాడిదకు కొట్టమేందిరా అని ఊళ్లో నవ్వుతున్నారు, అది వేరే సంగతి.

అచ్చంపేట అన్న:
నవ్వనియ్ తమ్మీ. గుర్రం వెంట్రుక మీద నీళ్లు జారినట్టు గాడిద మీద జారవు, వాన తోలు దాకా దిగి వణుకుతుంది. రెండింటికి వంద చదరపు అడుగులకు తగ్గొద్దు, నీ నాలుగింటికి పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు వేసుకో. వానాకాలం జల్లు పడమటి నుంచే కొడుతుంది కాబట్టి ఆ దిక్కు గోడ పెట్టి తూర్పు తెరిచి ఉంచు. రాతి కడీలైతే చెదల బాధ లేదు. తుమ్మ దూలం పచ్చిది ఎక్కించకు, చెరువులో కొన్ని నెలలు నానింది చూడు, లేకుంటే పురుగు తొలిచి పిండి రాలుతుంది. వాలు బాగా పెట్టు. చూరు మాత్రం వాటి మూతికి అందొద్దు, మావి ఒక్క వారంలో ఓ పక్క కమ్మలన్నీ నమిలేశాయి!

నారాయణపేట:
నేల సంగతి నేను చెప్తా, దెబ్బ తిన్నోణ్ణి కదా. శుభ్రంగా ఉంటుందని నున్నగా సిమెంటు పోయించా, ఉచ్చ నిలిచి ఒకటే జారుడు. ఆ వానాకాలం మా ఆడగాడిద వెనక కాలు ఎత్తి నడుస్తుంటే గిట్ట తిప్పి చూశా, మధ్యలో మెత్తబడి నల్లగా, పుల్ల పెడితే దిగుతోంది, కంపు చేతికి రెండు రోజులు పోలేదు. గాడిద గిట్ట నీళ్లు పీల్చుకుంటుంది, తడి నేల దానికి పడదు. సిమెంటు తవ్వించి, చుట్టూ నేలకంటే అడుగు ఎత్తు మొరం పోసి దిమ్మిస కొట్టి, మీద వరిగడ్డి పరిచా. తడిసిన గడ్డి రోజూ తీయాల్సిందే. సుతిలి ముక్కలు, కవర్లు ఏరెయ్, తింటే కడుపులో అడ్డుపడతాయి.

దేవరకొండ రైతు:
మొరం మా గుట్ట దగ్గరే ఉంది. కమ్మలకే టెన్షన్, చెట్టెక్కి కొట్టేవాళ్లు దొరకట్లేదు.

చండూరు:
రేకులు ఎందుకు పారేస్తావ్? కడీలకు గట్టిగా బిగించి, వాటి మీద కమ్మలు ఒక్క వరస కప్పు. సగం కమ్మలు సరిపోతాయి, లోపల చల్లగా ఉంటుంది, కమ్మ చివికినా వాన దిగదు. పాత పద్ధతి కాదంటావేమో, గాడిదలకు ఆ పట్టింపు లేదులే.

దేవరకొండ రైతు:
ఆ రెండు రేకులు ఇంకా పక్క చేలోనే ఉన్నాయన్నా. పొద్దున్నే పోయి తెచ్చుకుంటా.