గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో తొలిసారి స్టీవార్డుగా పనిచేయబోతున్నాను, అనుభవమున్నవారి సలహా కావాలి

ములుగు విద్యార్థి (ప్రశ్న, 2025)

సభ్యులందరికీ నమస్కారం. నేను కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సెప్టెంబరులో డిసర్టేషన్ సమర్పించడంతో చదువు ముగుస్తుంది. ఇంగ్లండులోని సోమర్‌సెట్‌లో, పిల్టన్ ఊరి దగ్గర వర్తీ ఫార్మ్ అనే పాడిపశువుల పొలంలో ఈ 2025 జూన్ 25 నుంచి 29 వరకు జరిగే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో స్టీవార్డుగా, అంటే గేట్ల దగ్గర, దారుల్లో జనానికి సాయపడే కార్యకర్తగా పనిచేసేందుకు ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ ద్వారా నాకు అవకాశం వచ్చింది. జీతం ఉండదు, బదులుగా టిక్కెట్టు కొనకుండానే లోపలికి వెళ్ళవచ్చు. టిక్కెట్టు ధర 373 పౌండ్ల 50 పెన్నీలు, దానిపై బుకింగు రుసుము మరో 5 పౌండ్లు. అంత పెట్టి కొనే స్తోమత నాకు లేదు. ఉన్నా ఆ టిక్కెట్లు నిరుడు నవంబరులోనే గంట తిరగకుండా అమ్ముడుపోయాయి. వచ్చే ఏడు పొలానికి విశ్రాంతినిచ్చి ఉత్సవం జరపడం లేదు కనుక, ఇప్పుడు వదులుకుంటే నేను ఈ దేశంలో ఉండగా మళ్ళీ వీలు చిక్కకపోవచ్చు.

జనసమ్మర్దం నాకు కొత్త కాదు. డిగ్రీలో ఉండగా ఎన్‌ఎస్‌ఎస్ తరఫున మేడారం జాతరలో మూడు రోజులు జంపన్నవాగు దగ్గర పనిచేశాను. అయితే ఈ దేశంలో ఇంత పెద్ద ఆరుబయటి కార్యక్రమంలో పనిచేయడం ఇదే మొదటిసారి. ఎనిమిదింబావు గంటల చొప్పున మూడు షిఫ్టులు చేయాలని, అందులో ఒకటి రాత్రి షిఫ్టు కావచ్చునని చెప్పారు. దాదాపు టిక్కెట్టు ధరంత డిపాజిట్ ముందుగా కట్టాలి. గేటు దగ్గర అసలు ఏం చేయవలసి ఉంటుంది? పాటలు వినే తీరిక దొరుకుతుందా? నా గది మిత్రుడు మాత్రం జీతం లేని పని ఎందుకని, ఏదో ఏజెన్సీ ద్వారా అక్కడి బారులో జీతానికే పనిచేయవచ్చునని అంటున్నాడు. వీసా నిబంధనల ప్రకారం ఏది సరైనదో కూడా తెలిసినవారు చెప్పగలరు. ఐదు రోజులు గుడారంలో పడుకుంటానని చెప్పినప్పటి నుంచి ఇంట్లో అమ్మ దిగులు పడుతున్నది. ఆమెకు చెప్పదగిన మాట ఏదైనా ఉంటే అది కూడా రాయండి.

బ్రిస్టల్ అక్కయ్య (జవాబు)

తమ్ముడూ అని పిలుస్తున్నాను కనుక ‘నువ్వు’ అనే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. నేను 2016, 2019, 2023 సంవత్సరాలలో అక్కడ స్టీవార్డుగా ఉన్నాను. మూడుసార్లూ గేటు పనే.

మేడారం అనుభవం నీకు ఎంతో అక్కరకు వస్తుంది, కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మేడారంలో జనమంతా గద్దెల వైపే సాగుతారు కనుక ఒత్తిడి ఎక్కడ పెరుగుతుందో ముందే తెలుస్తుంది. గ్లాస్టన్‌బరీలో సుమారు తొమ్మిది వందల ఎకరాలలో రెండు లక్షలకు పైగా మనుషులు ఉంటారు, వేదికలు లెక్కకు మిక్కిలి. ఒకచోట పాట ముగియగానే వేలమంది ఒక్కసారిగా కదిలి ఇంకొక వేదిక వైపు నడుస్తారు, ఎదురుగా అటునుంచి మరికొన్ని వేలమంది వస్తూ ఉంటారు. రాత్రి ప్రధాన వేదిక అయిన పిరమిడ్ వేదిక మీద చివరి కచేరీ అయిపోయాక ఆ ప్రవాహమంతా తెల్లవార్లూ సందడిగా ఉండే ఆగ్నేయ మూలకు మళ్ళుతుంది. ఆ వేళ నిన్ను దారి మధ్య నిలబెడితే, మాప్ విప్పుకొని అక్కడే ఆగిపోయే వాళ్ళను మెల్లగా పక్కకు పిలవడమే నీ పని. వినడానికి చిన్న పనిలా ఉంటుంది, కానీ ఆ నలుగురూ ఆగితే వారి వెనుక నాలుగు వందల మంది ఆగుతారు.

గేటు విషయానికి వస్తే, బుధవారం ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. అప్పటికే వరుసలు చాలా దూరం సాగి ఉంటాయి, రాత్రంతా నిలబడి వచ్చినవాళ్ళు కూడా అందులో ఉంటారు. 2007 నుంచి ఇక్కడ ఫోటోతో పేరు నమోదు చేసుకున్నవారికే టిక్కెట్టు అమ్ముతున్నారు. టిక్కెట్టు మీది ముఖాన్నీ ఎదుట ఉన్న ముఖాన్నీ పోల్చి చూసి చేతిపట్టీ వేయించి పంపాలి. మొదటి గంట ఉత్సాహంగా ఉంటుంది, మూడో గంటకు అన్ని ముఖాలూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే పక్కవారితో చోటు మార్చుకుంటూ ఉండమని సూపర్‌వైజర్లు చెబుతారు, మొహమాటపడకుండా మార్చుకో. ఇంత కట్టుదిట్టం ఎందుకని నాకూ మొదట అనిపించింది. 2000 సంవత్సరంలో కంచె దూకి లోపలికి వచ్చినవారి సంఖ్య అదుపు తప్పడంతో 2001లో ఉత్సవమే జరగలేదని, 2002లో ఇప్పుడున్న ఎత్తైన కంచె కట్టాకే మళ్ళీ మొదలైందని మా సూపర్‌వైజర్ చెప్పినప్పుడు విషయం అర్థమైంది.

స్టీవార్డు భద్రతా సిబ్బంది కాడన్న సంగతి నీకు శిక్షణలో చెబుతారు, అయినా నేనూ చెబుతున్నాను. తాగి గొడవ చేసేవాడి మీద నువ్వు చేయి వేయకూడదు, వాడి సంచి వెతకకూడదు. అందుకు లైసెన్సు ఉన్న సిబ్బంది వేరే ఉంటారు. నువ్వు చేయవలసినది ఎక్కడ ఉన్నావో, ఏమి చూశావో రేడియోలో తడబడకుండా చెప్పడం. షిఫ్టు మొదలు కాగానే నీ గేటు అక్షరం, దగ్గరి వైద్య శిబిరం, దగ్గరి నీటి కుళాయి, మరుగుదొడ్లు ఎటు ఉన్నాయో నడిచి చూసుకో; నిన్ను అడిగే వంద ప్రశ్నలలో తొంభై వాటి గురించే. మిగిలిన పది తమ గుడారం ఎక్కడ వేశామో మరచిపోయినవారివి.

రాత్రి షిఫ్టుకు భయపడవద్దు. జూన్ చివరలో అక్కడ తొమ్మిదిన్నర దాకా సూర్యుడు అస్తమించడు, ఐదు కాకముందే తెల్లవారుతుంది. చీకటి ఉండేదే కాసేపు. చలి మాత్రం ఉంటుంది, పగలు ఎండ కాసిందని స్వెట్టరు లేకుండా వెళ్ళకు. 2016లో గురువారం రాత్రి నా షిఫ్టు. గమ్ బూట్లు సగం దాకా బురదలో దిగబడి నిలబడి ఉండగా, శుక్రవారం తెల్లవారుజామున బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తీర్పు వచ్చిందన్న వార్త ఒకరి ఫోనులో నుంచి గేటంతా పాకింది. లోపలి నుంచి వస్తున్న ఒక కుర్రాడు నా ఎదుట ఆగి, ‘నిజమేనా’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఏడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఏమి చెప్పాలో శిక్షణలో నేర్పలేదు. అసలు కష్టం రాత్రి షిఫ్టు అయ్యాక మొదలవుతుంది: పొద్దెక్కితే గుడారం ఆవిరి కుడుము పెట్టిన గిన్నెలా కాగిపోతుంది, నిద్ర పట్టదు. కళ్ళకు గంతలు, చెవులకు ప్లగ్గులు తప్పనిసరిగా తీసుకువెళ్ళు. వీలైతే చెట్టు పడమటి పక్కన గుడారం వేసుకో.

పాటలు వింటావా అంటే, కొన్ని వింటావు, కోరుకున్నది వినకపోవచ్చు. 2023 ఆదివారం రాత్రి ఎల్టన్ జాన్ వీడ్కోలు యాత్రలో ఈ దేశంలోని చివరి కచేరీ పిరమిడ్ వేదిక మీద జరుగుతుంటే నేను పది గంటల దాకా గేటు దగ్గరే ఉన్నాను. గాలి మళ్ళినప్పుడల్లా రెండు చరణాలు వినిపించేవి, అంతలో పోయేవి. షిఫ్టు దిగి పరుగెత్తాను కానీ జనం వెనుక కొండవాలు దాకా నిండి ఉన్నారు, పెద్ద తెర కూడా అగ్గిపెట్టెంతే కనిపించింది. నీకు ఎంతో ఇష్టమైన కళాకారుడు ఒక్కరే ఉండి, వారి కోసమే వెళుతుంటే మాత్రం షిఫ్టుల పట్టిక వచ్చేదాకా ఆశ పెట్టుకోవద్దు.

డిపాజిట్ గురించి దిగులు అక్కరలేదు. షిఫ్టులన్నీ చేస్తే తిరిగి ఇస్తారు. మన పని గంటలకు ఉత్సవ నిర్వాహకులు ఆ సేవాసంస్థకు సొమ్ము చెల్లిస్తారు; ఎవరైనా లోపలికి వచ్చి షిఫ్టు ఎగ్గొడితే నష్టపోయేది ఆ సంస్థే కనుక ఆ ఏర్పాటు. పనిచేసేవారికి వేరే గుడారాల మైదానం, వేడినీళ్ళ స్నానం, షిఫ్టుకు ఒక పూట భోజనం ఉంటాయి. అమ్మగారికి ఈ వాక్యం చదివి వినిపించు.

లెస్టర్ వాసి (జవాబు)

వీసా గురించి అడిగారు కనుక దానికే పరిమితమవుతాను. విద్యార్థి వీసాపై డిగ్రీ, ఆపై స్థాయి చదివేవారు కోర్సు కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదన్నది మీకు తెలిసినదే. చాలామంది మన పిల్లలు పొరబడేది రెండు చోట్ల. మొదటిది, డిగ్రీ విద్యార్థులకు ఉన్నట్లు ఎమ్మెస్సీ వారికి జూన్‌లో వేసవి సెలవులు లేవు. డిసర్టేషన్ రాసే కాలం కోర్సు కాలంగానే లెక్కకు వస్తుంది. రెండవది, వారం అంటే సోమవారం మొదలై ఆదివారం ముగిసే ఏడు రోజులు. ఈ ఉత్సవం బుధవారం నుంచి ఆదివారం దాకా, అంటే ఒకే వారంలో పడుతుంది. బారు పనిలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున మూడు రోజులు దాటేసరికి మీరు పరిమితి దాటినట్లే, పైగా అది జీతపు పట్టీల మీద రాతపూర్వకంగా ఉంటుంది.

జీతం లేదు కనుక స్టీవార్డు పనికి ఈ లెక్క వర్తించదని అనుకోవడం కూడా తొందరపాటే. ఒప్పందం, తప్పనిసరి విధులు ఉండి జీతం మాత్రమే లేని పనిని ఇక్కడి నిబంధనలు ఉద్యోగంతో సమానంగానే చూస్తాయి, అది 20 గంటలలో కలుస్తుంది. సేవాసంస్థకు ఎలాంటి ఒప్పందం లేకుండా, ఉద్యోగి స్థానాన్ని భర్తీ చేయకుండా చేసే సేవ కలవదు. మీ షిఫ్టులు మూడూ కూడితే ఇరవై నాలుగు గంటల ముప్పావు అవుతుంది కనుక, అది ఏ కోవలోకి వస్తుందన్న దానిమీదే అంతా ఆధారపడి ఉన్నది. ఎవరి మాటా, నా మాట కూడా, నమ్మకుండా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి ఈమెయిల్ రాసి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకొని దాచుకోండి. ఆ జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టవద్దు.

ఏజెన్సీ గురించి ఒక్క మాట. నేను వేరొక ఉత్సవంలో ఒక ఏజెన్సీ తరఫున బారులో పనిచేసినప్పుడు భోజన విరామాలకు, గుడారం నుంచి బారుకు తీసుకువెళ్ళే బస్సు సమయానికి డబ్బు లేదని తరువాత తెలిసింది. చివరి జీతం చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది.

ఆత్రేయపురం అబ్బాయి (జవాబు)

పై ఇద్దరూ రాయనిది నేను రాస్తాను: చెత్త ఏరే దళంలో కూడా స్వచ్ఛంద సేవకులను తీసుకుంటారు. రెండేళ్ళు రద్దయిన తరువాత 2022లో ఉత్సవం మళ్ళీ జరిగినప్పుడు నేను అందులో ఉన్నాను. తెల్లవారుజామున, జనం ఇంకా లేవకముందే పని మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది కనుక సాయంత్రపు కచేరీలన్నీ మనవే. నడుము నొప్పి తప్పదు. ఆ నేల కొద్దివారాలకే మళ్ళీ ఆవులు మేసే పొలం అవుతుంది కనుక గుడారాల ఇనుప మేకు ఒక్కటి మిగిలినా పశువు గడ్డితోపాటు మింగే ప్రమాదం ఉన్నదని మాకు చెప్పారు. అది విన్నాక ఇంటి దగ్గర మా తాత చేలో గాజు పెంకు కనబడితే ఎందుకంత గొడవ చేసేవాడో జ్ఞాపకం వచ్చి, కనబడిన ప్రతి మేకూ ఏరాను.

మరుగుదొడ్ల గురించి సిగ్గుపడకుండా చెబుతాను. లోతైన తొట్టి మీద వరుసగా కట్టిన, పైకప్పు లేని గదులు కొన్ని, రంపపు పొట్టు చల్లే కంపోస్టు దొడ్లు కొన్ని ఉంటాయి. నీళ్ళు ఎక్కడా ఉండవు. మన అలవాటుకు ఒక చిన్న ప్లాస్టిక్ చెంబో, మూత ఉన్న సీసానో సంచిలో ఉంచుకోండి, కుళాయి దగ్గర నింపుకొని వెళ్ళవచ్చు. తాగే నీటికి మరొక సీసా ఉండాలి, ఎందుకంటే 2019 నుంచి అక్కడ ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలలో నీళ్ళు అమ్మడం మానేశారు. పొలం మీదా వాగులోనూ మూత్ర విసర్జన చేయవద్దని ప్రతిచోటా రాసి ఉంటుంది, స్టీవార్డుగా మీరూ ఆ మాట చెప్పవలసి వస్తుంది.

కొత్త బూట్లు అక్కడే మొదటిసారి తొడగవద్దు. వారం ముందు నుంచే తొడిగి నడవండి, రెండు జతల మేజోళ్ళు రోజుకు లెక్క వేసుకోండి. కందిపొడి ఒక పొట్లం పట్టుకెళ్ళండి, నేను ఆవకాయ పట్టుకెళ్ళాను కానీ ఎండకు నూనె కారి నిద్రసంచి మొత్తం పాడైంది.

ములుగు విద్యార్థి (తిరిగి రాసినది)

అక్కయ్య గారికి, మిగిలిన ఇద్దరికీ కృతజ్ఞతలు. లెస్టర్ వారు చెప్పిన లెక్క చూసి నిజంగానే ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే డిసర్టేషన్ నెలలను నేను సెలవులుగానే అనుకుంటున్నాను. నిన్ననే విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాశాను. సంస్థ పంపిన నిబంధనల పత్రాన్ని జతచేయమన్నారు, పంపాను. ఈ వారంలో జవాబు ఇస్తామన్నారు. బారు ఆలోచన పూర్తిగా మానుకున్నాను, నా మిత్రునికి కూడా ఈ జవాబులు చదివి వినిపించాను. అతను ఇప్పుడు చెత్త ఏరే దళం గురించి ఆరా తీస్తున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఉత్సవం వైపు ఉచిత బస్సులు నడిచే క్యాజిల్ క్యారీ రైల్వే స్టేషనుకు మంగళవారమే చేరుకుంటే పనిచేసేవారికి లోపలికి వెళ్ళే వీలు ఉంటుందా?

బ్రిస్టల్ అక్కయ్య (జవాబు)

ఉంటుంది, కానీ నీకు వచ్చే ఉత్తరంలో రాసిన సమయానికే వెళ్ళాలి, బస్సుల వేళలు కూడా అందులోనే చూసుకో. విశ్వవిద్యాలయం వారు ఏమన్నారో ఇక్కడ రాయడం మరచిపోవద్దు. వచ్చే 2027 ఉత్సవానికి ఇదే ప్రశ్న అడిగే పిల్లలు ఇంకా ఉంటారు.