టెక్కెన్ 8లో డిఫెన్స్ ఆడేవాళ్లకు చోటుందా?

బ్యాక్‌డాష్_బాబాయ్: ఇద్దరు తలపడే ఫైటింగ్ గేమ్ టెక్కెన్. దాని 7వ భాగంలో ఓపికగా ఆడినవాడు గెలిచేవాడు. వెనక్కి జరిగి, అవతలివాడి దెబ్బ గాల్లో పోయాక కొట్టేవాళ్లం. 2024 జనవరిలో 8 వచ్చింది, దాడికి బలమిచ్చే హీట్ అనే మోడ్ పెట్టారు. రౌండ్‌కు ఒకసారి, దాదాపు 10 సెకన్లు. ఆ కాసేపు కొన్ని దెబ్బల్ని బ్లాక్ చేసినా హెల్త్ తగ్గుతుంది. సరిగ్గా ఆడినందుకు శిక్షా?

కూకట్‌పల్లి_కింగ్: అన్నా, అలా తగ్గిన హెల్త్ పూర్తిగా పోదు. నువ్వు ఎదురు కొడితే తిరిగి వస్తుంది. కూర్చోకు, ముందుకు రా అనేదే 8 ఉద్దేశం. 7లో రేజ్ ఆర్ట్ పెట్టినప్పుడూ ఓడిపోబోయేవాడు ఒక్క దెబ్బతో మ్యాచ్ తిప్పేస్తున్నాడని గోల చేశారు.

బ్యాక్‌డాష్_బాబాయ్: ఎదురు కొట్టే వంతు నాకెప్పుడొస్తుంది? బ్లాక్ చేశాక కూడా వంతు వాడిదే.

గుంటూరు_హ్వోరాంగ్: పది సెకన్లు ఆగలేవా బాబాయ్?

బ్యాక్‌డాష్_బాబాయ్: ఆ పది సెకన్లలోనే రౌండ్ అయిపోతోంది.

ఎడ్డీ_ఫ్యాన్: హీట్ సంగతి తర్వాత. టెక్కెన్ 3లో ఎడ్డీ అనే ఫైటర్ గేమ్‌తోపాటే వచ్చాడు. 8లో మొదటి 32 మందిలో లేడు, 2024 ఏప్రిల్‌లో విడిగా కొనుక్కోమన్నారు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

కూకట్‌పల్లి_కింగ్: బాబాయ్, పాకిస్తాన్ ఆటగాడు అర్స్‌లాన్ యాష్ 2019లో 7తో ఎవో టోర్నమెంట్ గెలిచాడు, 2024లో 8తోనూ గెలిచాడు. డిఫెన్స్‌కు విలువ లేకపోతే ఎలా గెలిచాడు?

బ్యాక్‌డాష్_బాబాయ్: అతను ఏ గేమ్ ఇచ్చినా గెలుస్తాడు. 2025 ఏప్రిల్‌లో సీజన్ 2 అప్‌డేట్ ప్యాచ్ గుర్తుందా? డిఫెన్స్ బలపరుస్తామని చెప్పి దాడినే ఇంకా పెంచారు. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో నెగటివ్ రివ్యూలు గుట్టలుగా పడ్డాయి. నేనొక్కడినే అంటున్నానా?

కూకట్‌పల్లి_కింగ్: ఆ ప్యాచ్ దారుణమే. నువ్వు మాత్రం అంతకు ఏడాది ముందు నుంచీ ఇదే పాట.

అనకాపల్లి_జిన్: నాది పాత కన్సోల్, పీఎస్4. 8 దానికి రాలేదు. మీరు ఆడి తిట్టుకుంటున్నారు, నేను వీడియోలు చూస్తున్నాను.

బ్యాక్‌డాష్_బాబాయ్: ఇదే పాట ఎందుకో విను. మా రూమ్‌లో ఒక కుర్రాడు గేమ్ పట్టి వారం కాలేదు. స్పెషల్ స్టైల్ ఆన్ చేసి ఒకే బటన్ నొక్కుతాడు, వరస దెబ్బల కాంబో దానంతటదే వస్తుంది. చటుక్కున వెనక్కి జరిగే బ్యాక్‌డాష్ కోసం బొటనవేలు కాయలు కాసేదాకా ప్రాక్టీస్ చేసినవాణ్ని నేను. నన్ను ఓడించి "ఇంత ఈజీనా అన్నా" అన్నాడు.

కూకట్‌పల్లి_కింగ్: అదీ విషయం! నీ బాధ హీట్ గురించి కాదు, వాడి గురించి. 7లో నేనూ వాడిలాగే ఆన్‌లైన్‌కి వచ్చాను. వరసగా ఓడాను, ఎందుకు ఓడుతున్నానో తెలియలేదు. సీనియర్లను అడిగితే ముందు ఏ దెబ్బ ఎంత వేగమో చెప్పే ఫ్రేమ్ డేటా బట్టీపట్టి రమ్మన్నారు. విసుగొచ్చి అన్‌ఇన్‌స్టాల్ చేశాను. 8లో ఓడిన మ్యాచ్ రీప్లే పెడితే ఎక్కడ తిరిగి కొట్టాలో గేమే చూపిస్తుంది. అక్కడి నుంచే కంట్రోల్ తీసుకుని ఆడి చూడొచ్చు. నేను నిలబడింది దానివల్లే.

బ్యాక్‌డాష్_బాబాయ్: వాడు గెలిచినందుకు కాదు నా కోపం. ఎలా గెలిచాడో వాడికే తెలియదు.

కూకట్‌పల్లి_కింగ్: నాలుగు మ్యాచ్‌లు గెలిస్తేనే కదా తెలుసుకోవాలనిపించేది.

బ్యాక్‌డాష్_బాబాయ్: అయితే నేర్పే పని గేమ్‌దే, మనది కాదంటావా?

కూకట్‌పల్లి_కింగ్: మీరు నేర్పి ఉంటే నేను 7 వదిలేవాణ్నే కాదన్నా.